ముట్టు, బాగుపడు, స్వస్థపరచు : మార్కు సువార్త తెలుగున నొక ఘట్టము

కుందుర్పి అనంతపురము జిల్లా పడమటి అంచున, కన్నడ సీమ నానుకొని యున్న గ్రామము. కొండమీద పాత దుర్గము, క్రింద వానకై ఎదురుచూచు చేలు. అచ్చట నొక యింట సాయంకాలపు ప్రార్థనకు కూడిన పదిమంది నడుమ మార్కు సువార్త అయిదవ అధ్యాయము చదువబడుచుండగా వినుట నాకు తటస్థించినది. చదివినామె కూలిపని చేసికొను స్త్రీ. రక్తస్రావ రోగము గల స్త్రీని క్రీస్తు సంబోధించు చోట అచ్చులో ‘కుమారీ’ అని యున్నది. ఆమె క్షణమాత్రమాగి, ‘అమ్మా’ అని చదివి ముందునకు సాగినది. అది పొరపాటు కాదు. చదువరి చేసిన సవరణ. ఆ సవరణకు గల కారణమును వెదకగా ఈ వ్యాసమైనది.

క్రైస్తవ సాహిత్యమనగానే మన విమర్శకులు జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను (1958) పేర్కొందురు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించుటయు స్మరింతురు. మరికొందరు పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలను తలతురు. కాని తెలుగునాట లక్షలాది జనులు వారము వారము చెవియొగ్గి విను వచనమును, అనగా బైబిలు తెలుగును, ‘పాదిరీల భాష’ అని త్రోసివేయుట మనకు వాడుకయైపోయినది. ఆ వచనమున దోషములు లేవని నేననను. అయితే ఒక వచనమును చదువక త్రోసిపుచ్చుట విమర్శ యనిపించుకొనదు.

కథ అందరెరిగినదే. సమాజమందిరపు అధికారి యాయీరు తన కుమార్తె చావనైయున్నదని వచ్చి క్రీస్తు పాదములపై పడును. ఆయన బయలుదేరును. త్రోవలో పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడుచున్న యొక స్త్రీ జనసమూహమున వెనుకగా వచ్చి ఆయన వస్త్రమును ముట్టును. ఆయన నిలిచి, ముట్టినదెవరని అడుగును. ఆమె వణకుచు వచ్చి ఆయన యెదుట సాగిలపడి నిజమంతయు చెప్పును. ఇంతలో యాయీరు కుమార్తె మరణించిన వార్త వచ్చును. ఆ బాలిక వయస్సును పండ్రెండేండ్లే. ఒకతె పుట్టిన యేటనే రెండవయామె వెలి ప్రారంభమైనదన్నమాట.

‘సకల జనులకు స్వస్థత’ అను మాట ప్రసంగములలో నలిగిపోయినది. ఈ ఘట్టమున అది ప్రసంగముగా లేదు, కథా నిర్మాణముగా నున్నది. అధికారికి పేరున్నది, పదవి యున్నది, తరపున అడుగగల నోరున్నది. స్త్రీకి పేరు లేదు, వెంట వచ్చినవారు లేరు. ఇరువురును ఆ పాదముల యెదుట నేలకు వంగినవారే. అయితే కథకుడు సమానత్వమును ఆ వంగుటలో చూపలేదు, ఆగుటలో చూపినాడు. బిడ్డ ప్రాణము పోవుచుండగా అధికారి నడిత్రోవలో నిలువవలసి వచ్చినది, అదియు శాస్త్రము చొప్పున అశుచియైన యొక స్త్రీ తన గోడు చెప్పుకొని ముగించువరకు. పెద్దల పని ముందును పేదల పని వెనుకను జరుగుట లోకరీతి. ఇచ్చట వరుస తప్పినది. తప్పినందుకు అధికారి బిడ్డ ప్రాణము మూల్యమగునేమో యను భయమును కథకుడు మనచేత అనుభవింపజేసెను. ఆ ఆలస్యమునకు యాయీరు ఏమనెనో మార్కు వ్రాయలేదు. ఆ మౌనము నాకు గొప్ప శిల్పముగా తోచును.

ఇక తెలుగు. గ్రీకు మూలమున ఆమె వస్త్రమును తాకినదని చెప్పు క్రియకు స్పర్శ యను అర్థమే గాని రజస్సంబంధమైన అర్థము లేదు. తెలుగువారు ‘ముట్టు’ అను క్రియను గ్రహించిరి. మన భాషలో ముట్టు స్పర్శయు నగును, స్త్రీల నెలసరి మైలయు నగును. ముట్టరానితనమను మాటలో ఇదే ధాతువు ఒక కులమును ఊరి వెలుపల నిలుపును. కావున తెలుగు వినునప్పుడు వాక్యములో వింత బలము పుట్టును: పండ్రెండేండ్లు ముట్టులో నున్న స్త్రీ ముట్టినది. మూలమున లేని యీ ధ్వని అనువాదకులు బుద్ధిపూర్వకముగా కూర్చినదని చెప్పుటకు నాకు సాహసము చాలదు. కాని భాష తనంతట సమకూర్చి యిచ్చిన ధ్వనిని వారు చెడగొట్టలేదు. ‘స్పృశించెను’ అని వ్రాసియున్నచో నీ ఘట్టము తెలుగున సగము చచ్చియుండెడిది.

రెండవది ‘సోజో’ అను గ్రీకు క్రియ. రక్షించుట, బాగుచేయుట, ఆపద తప్పించుట యను అర్థములన్నియు దానియందు కలిసియున్నవి. యాయీరు తన బిడ్డను గూర్చి వేడుకొనునపుడును, ఆ స్త్రీ తన మనస్సులో అనుకొనునపుడును, క్రీస్తు ఆమెకు బదులు పలుకునపుడును మూలమున నున్నది ఆ యొక్క క్రియయే. తెలుగున మొదటి యిరువురి నోటను ‘బాగుపడు’ అను ఇంటిమాట వచ్చినది. అధికారియు, వెలివేయబడినదియు ఒకే మాటతో ఆశపడుట ఎంతయు సమంజసముగా నున్నది. రోగము ముంగిట రెండు భాషలుండవు గదా! క్రీస్తు నోటికి వచ్చుసరికి మాత్రము అది ‘స్వస్థపరచు’ అయినది.

ఈ మార్పు వలన కొంత లాభమును కొంత నష్టమును గలవు. ‘స్వస్థ’ శబ్దమునకు తనయందు తాను నిలిచియున్నదని వ్యుత్పత్తి. దోషములు, అగ్ని, ధాతువులు సమముగా నుండి, ఆత్మయు ఇంద్రియములును మనస్సును ప్రసన్నముగా నున్నవానినే సుశ్రుతుడు స్వస్థుడనెను. పండ్రెండేండ్లు తనవారిలో తనకు చోటులేక బ్రతికిన స్త్రీకి ఇంతకంటె తగిన మాట దొరకుట కష్టము. వెనుకనుండి దొంగవలె వచ్చినయామె పదుగురి యెదుట నిలిచి మాటలాడినది. స్వస్థత యనగా అదియే.

నష్టము లూకా పదునేడవ అధ్యాయమున కనబడును. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైరి. వారిలో పరజాతివాడగు సమరయు డొక్కడే తిరిగివచ్చెను. వాని రోగము మానినదని చెప్పుటకు మూలమున వేరొక క్రియ యున్నది. తిరిగి వచ్చినపిదప క్రీస్తు వానితో పలుకుమాట ‘సోజో’. అనగా పదుగురికిని కలిగినదానికి మించిన దేదియో వానికి కలిగినది. తెలుగు రెండుచోట్లను స్వస్థత యనియే చెప్పుటచే, అప్పటికే మానిన రోగము మరల మానినట్లై పునరుక్తి యేర్పడినది. అదే క్రియను లూకా యేడవ అధ్యాయమున పాపాత్మురాలగు స్త్రీ విషయమున ‘రక్షించు’ అని తెనిగించిరి. దేహమునకొక మాట, ఆత్మకొక మాట యని గిరిగీసినారు. మూలమున నట్టి గీత లేదు. ప్రార్థన చేసిన జ్వరము తగ్గునా, తగ్గదా యను వాదమునకే విశ్వాసమంతయు కుదించు నేటి ప్రసంగకులకు ఈ గీత కొంత తోడ్పడినదని నా అభిప్రాయము. సమరయుడు తిరిగివచ్చినది మందు గుణమును పొగడుటకు కాదు.

ఇక ‘కుమారీ’. మూలమున నున్నది కూతురా అను పిలుపు. క్రీస్తు ఒక స్త్రీని కూతురని పిలిచిన సందర్భము సువార్తలలో ఇదియొక్కటే. తన బిడ్డకై పరుగెత్తుకొని వచ్చిన తండ్రి వినుచుండగా, ఏ తండ్రియు వెంటరాని స్త్రీని బిడ్డా యనుట యిందలి ప్రాణము. ‘కుమారీ’ అను పిలుపు మన నాటకములలో రాజకన్యలకు చెల్లును. కుందుర్పి వంటి చోట కన్నడమును చెవినబడుచుండును. కన్నడ బైబిలున నీ తావున ‘మగళే’ అని యున్నది. అది వంటయింటి నుండి తల్లి పిలుచు పిలుపు. 1810లో బళ్ళారి చేరి కన్నడ అనువాదమునకు పూనుకొనిన జాన్ హాండ్స్ నాటినుండి ఆ భాషలో ఈ కృషి సాగినది. అనంతపురము జిల్లా బళ్ళారినుండి విడివడినది 1882లో. రెండు భాషల నడుమ నివసించు చదువరికి తెలుగు పిలుపు బిగువుగా తోచుటలో వింతలేదు. విచిత్రమేమన, కొన్ని వాక్యముల పిదప మరణించిన బాలికను లేపునపుడు తెలుగు ‘చిన్నదానా’ అనును. ఎంత చనవుగల మాట! అధికారి బిడ్డకు ఇంటిపిలుపు, పేరులేనిదానికి సభాపిలుపు. దీనిని అనువాదకుల అనవధానమనవచ్చును, లేదా వెలిపడినదానికి రాజకన్య మర్యాద చేసిరని సమర్థింపవచ్చును. రెండవది నాకు ప్రియమైనను, కుందుర్పి చదువరి తీర్పు మొదటిదానివైపే యున్నది. ఆమె ‘అమ్మా’ అనుటతో ఆ స్త్రీ ఇంటిమనిషి యైనది.

మరియొక విషయము. ఆ స్త్రీ అనేక వైద్యులచేత నానా తిప్పలు పడి, తనకున్నదంతయు వ్యయపరచి, మరింత సంకటపడెనని మార్కు నిర్మొగమాటముగా వ్రాసెను. స్వయముగా వైద్యుడని పేర్కొనబడిన లూకా ఆ నిందను చాల మెత్తపరచెను. వృత్తిధర్మము! వేరుసెనగ పండని యేట రోగము వచ్చిన పశువులు, నగలు, పిదప నేల అమ్ముడుపోవు సీమలో ఈ వాక్యమునకు వ్యాఖ్య అక్కరలేదు. ఆన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరి స్త్రీలకు వైద్యము చేసినను, జమ్మలమడుగున క్యాంప్‌బెల్ ఆసుపత్రి నెలకొనినను, ముట్టరానివాని నాడిని ముట్టి చూచుటయే ఆ వైద్యులు చెప్పిన మొదటి ప్రసంగము. నేడు కుందుర్పివారికి సమీపమున కళ్యాణదుర్గములో నున్న గ్రామీణాభివృద్ధి సంస్థ ఆసుపత్రి మిషను ఆసుపత్రి కాదు. 1969లో అనంతపురము వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మరుసటి యేట జెస్యూటు సభను విడిచినవాడు. కాని వరుసలో ఎవరి ముందు ఎవరు నిలుతురను ప్రశ్న మిషను ఆసుపత్రికిని కాని ఆసుపత్రికిని ఒక్కటే.

ఆనాటి పఠనము చివరికి వచ్చినది. బాలిక లేచి నడచినది. ఆమెకు తినుట కేమైన పెట్టుడని క్రీస్తు ఆజ్ఞాపించిన చోట అధ్యాయము ముగియును. మూలనున్న యొక ముసలమ్మ అంతవరకు కన్నులు మూసికొని వినుచుండెను. ఆమె కన్నులు తెరచి, “మరి ఆయమ్మకు బువ్వ ఎవురు పెట్న్యారు?” అని యడిగినది. ఉన్నదంతయు వ్యయపరచినదాని సంగతి ఆమె మరువలేదు. రోగము పోయినది గాని సొమ్ము తిరిగి వచ్చినట్లు మార్కు ఎచ్చటను వ్రాయలేదు. ఎవరును బదులు చెప్పలేదు. చదువుచున్నామె కొంతసేపు పుటవైపు చూచి, ఆరవ అధ్యాయమునకు త్రిప్పినది.