'ఆదిత్య 369': ప్రక్రియల కలయిక – తెలుగు జనస్మృతి

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వెలువడిన 'ఆదిత్య 369'ను వైజ్ఞానిక కల్పనా చిత్రంగా పేర్కొనడం పరిపాటి. ఆ పేరు దానికి చాలదు. మ్యూజియంలోని వజ్రం చోరీతో నేరకథగా మొదలై, కాలయంత్రం 1526కు చేరగానే చారిత్రకంగా మారి, 2504లో అణుయుద్ధానంతర లోకాన్ని చూపి, మళ్ళీ నేరకథలోకి తిరిగివచ్చే చిత్రమిది. వీటన్నిటినీ కలిపే కథాసూత్రం రాయలనాటి వజ్రమే. కానీ ఈ కలయికను ప్రేక్షకుడు అంగీకరించడానికి అసలు కారణం అతని జ్ఞాపకంలో ముందే ఉన్న కథనరీతులు.

యంత్రానికి ప్రేరణ హెచ్.జి.వెల్స్ 1895 నాటి నవల. అయినా అది పరాయి వస్తువుగా తోచదు. 'మాయాబజార్' (1957)లోని ప్రియదర్శిని పేటిక దూరాన్ని చెరిపివేస్తే, ఈ యంత్రం కాలాన్ని చెరిపివేస్తుంది. కె.వి.రెడ్డి శిష్యరికంలో సింగీతం ఆ చిత్రానికి పనిచేసినవారే.

విజయనగర ఘట్టం చిత్రానికి ప్రాణం. చంద్రమోహన్ ధరించిన తెనాలి రామకృష్ణుడు సాహిత్య చరిత్రకారుల కవి కాడు. 'పాండురంగ మాహాత్మ్యం' రచించిన కవి రాయల ఆస్థానంలో ఉన్నాడా అన్నదే వివాదాస్పదం. తెరపై ఉన్నది కృష్ణా డెల్టాలోని తెనాలిని ఇంటిపేరుగా చేసుకొని చాటుకథల్లో బతికిన వికటకవి. కళాశాల వేదికలపై భువనవిజయ రూపకాలు చూసిన ప్రేక్షకుడికి ఆ సభను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కనుకనే దర్శకుడు నేరుగా హాస్యంలోకి దిగగలిగాడు. ద్విపాత్రాభినయమనే వ్యాపార సంప్రదాయానికి సైతం ఇక్కడ అర్థం సమకూరింది: బాలకృష్ణ ధరించిన నేటి యువకుడు తన ముఖాన్నే చరిత్రలో చూస్తాడు.

అయితే ఈ రాయలు ప్రధానంగా సభాపతి. కళింగ దండయాత్రలో విజయవాటిలో కొన్నాళ్ళుండి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశినాడు ఉపవసించి, ఆంధ్రవిష్ణువును కలలో దర్శించినట్లు 'ఆముక్తమాల్యద' అవతారిక చెప్పే కవిరాజు ఛాయ ఆ పాత్రలో పలుచన. కాలాలను కలిపే కథకు ఆ కల ఎంతో ఉపకరించేది.

2504 ఘట్టం మరీ బలహీనం. భూగర్భ నివాసాలు, యంత్రాలు కంటికి వింతగొలిపినా, వాటి వెనుక తెలుగు కథాస్మృతి ఏదీ లేదు. భవిష్యత్తును పలికే ప్రక్రియ తెలుగులో లేకపోలేదు. వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం తరతరాలుగా జనం నోళ్ళలో ఉన్నదే. దాని ఆధారంగా ఎన్.టి.రామారావు 1984లో తీసిన చిత్రంలో సిద్ధయ్య పాత్రధారి బాలకృష్ణే.