ముక్కనుమ తరువాతి వారం

సంక్రాంతి సెలవులకు హైదరాబాదు, బెంగళూరుల నుంచి కొవ్వూరు చేరుకొనే ఉద్యోగులు పండుగ ఏర్పాట్ల గురించి ఎంత ముందుగా ఆలోచిస్తారో, పండుగ వెళ్ళిన మొదటి వారం గురించి అంత తక్కువగా ఆలోచిస్తారు. రానుపోను టికెట్లు నెలల ముందే సిద్ధమవుతాయి గాని, నాలుగైదు రాత్రులు ఆలస్యంగా పడుకొని, పొద్దెక్కి లేచి, వేళ కాని వేళల్లో పిండివంటలు తిన్న శరీరం మళ్ళీ ఉదయపు ఉద్యోగానికి ఎలా అలవాటు పడుతుందన్న ప్రశ్న చాలామందికి తోచదు. చివరి పూట దాకా ఊళ్ళోనే గడిపి, రాత్రంతా బస్సులో కూర్చొని హైదరాబాదుకైతే దాదాపు 400 కిలోమీటర్లు ప్రయాణించి, దిగిన వెంటనే స్నానం చేసి పనికి వెళ్ళినవారు, ఆ తరువాత కొన్నాళ్ళు వెంటాడే నిస్సత్తువను పండుగ బద్ధకం అని సరిపెట్టుకుంటారు. దాని కారణాన్ని మనిషి స్వభావంలో కన్నా శరీరం కాలాన్ని లెక్కించుకొనే తీరులో వెతకడం మేలు.

మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఒకటి నిద్ర, మెలకువ, శరీరపు వేడి, హార్మోన్ల విడుదల వంటివాటికి రోజువారీ వేళలను నిర్ణయిస్తుంది. దీనినే జీవ గడియారం అంటారు. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. మనుషులలో అధికసంఖ్యాకులకు ఈ గడియారపు చుట్టు 24 గంటల కన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ కాబట్టి, నిద్రను వెనక్కి నెట్టడం సులువు, ముందుకు జరపడం కష్టం. పని రోజుల నిద్రకూ సెలవు రోజుల నిద్రకూ నడిమి వేళల్లో వచ్చే తేడాను జర్మనీ శాస్త్రవేత్త టిల్ రోనెబర్గ్, ఆయన సహచరులు 2006లో ‘సామాజిక జెట్‌లాగ్’ అన్నారు. మామూలుగా రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు నిద్రపోయే వ్యక్తి పండుగలో 2 నుంచి 9 వరకు నిద్రపోతే, ఆ తేడా మూడు గంటలు. అతడు మళ్ళీ పాత వేళకు రావడమంటే, గడియారం లెక్కన, దుబాయిలో విమానమెక్కి బ్యాంకాక్‌లో దిగడమే. రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకొనే శరీరానికి ఈ మూడు గంటలు ఒక్క రాత్రి బస్సు ప్రయాణంలో పూడవు.

జీవ గడియారాన్ని సరిదిద్దే ప్రధాన సాధనం ఉదయపు వెలుతురు. గదిలోని దీపాల వెలుగు కొన్ని వందల లక్సులకు మించకపోగా (లక్సు అంటే వెలుతురుకు కొలత), ఆరుబయట కాస్త పొద్దెక్కితే మబ్బు పట్టిన రోజున కూడా అది వేలల్లో ఉంటుంది. ఈ విషయంలో కొవ్వూరుకు ఒక అనుకూలత ఉంది: ఊరు గోదావరికి పడమటి ఒడ్డున ఉండడం వల్ల గోష్పాద క్షేత్రం రేవులో నిలబడినవారికి సూర్యుడు ఏటి అవతల, రాజమహేంద్రవరం వైపునుంచి ఉదయిస్తాడు. సెలవు ముగియడానికి రెండు రోజుల ముందునుంచే, రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే, ఉదయమే లేచి ఎండ వచ్చాక ఆ గట్టున అరగంట నడిస్తే, హైదరాబాదులో చేయవలసిన సర్దుబాటులో కొంత ఇక్కడే పూర్తవుతుంది. కోడిపందాల బరులూ పేకాటలూ ఇందుకు ఎంతవరకు ఒప్పుకుంటాయన్నది వేరే సంగతి.

అలవాటును ఇలా కొద్దికొద్దిగా మార్చుకోవడం ఆధునిక శాస్త్రం కొత్తగా కనిపెట్టినది కాదు. చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో పాదాంశిక క్రమం అనే పద్ధతి ఉంది. అహితమైన అలవాటును నాలుగో వంతు చొప్పున వదులుతూ, హితమైనదానిని అదే కొలతలో చేరుస్తూ, మెట్టుకూ మెట్టుకూ మధ్య వ్యవధిని పెంచుతూ పోవాలని దాని సారాంశం. వాగ్భటుడి అష్టాంగ హృదయం ఋతుసంధికి, అంటే ఒక ఋతువు చివరి ఏడు రోజులకూ తరువాతి ఋతువు తొలి ఏడు రోజులకూ, ఇటువంటి క్రమాన్నే విధించింది. సంక్రాంతి వచ్చే పుష్యమాసం హేమంతానికి చివరి నెల కావడం వల్ల, ఈ నియమం పండుగ నుంచి తిరిగి వెళ్ళేవారికి చాలావరకు అన్వయిస్తుంది. కొవ్వూరుకు దిగువన విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలకు వేసవిలో నీరు కట్టి, జూన్‌లో తిరిగి వదిలేటప్పుడు, ఎండి బీటలు వారిన గట్లు జారిపోకుండా ప్రవాహాన్ని మెల్లమెల్లగా పెంచినట్టే, విశ్రాంతి నుంచి లేచిన శరీరానికీ పనిని విడతలుగానే వదలాలి. వ్యాయామం మానినవారు మొదటి రోజే పాత మోతాదుకు వెళ్ళకుండా సగంతో ఆరంభించడం ఇందులో భాగమే.

కనుమనాడు కాకి కూడా కదలదన్న సామెతను పెద్దలు ప్రయాణాలను ఆపడానికి వాడతారు. దానికి శకునాల కారణం ఎంత ఉన్నా, పెద్ద పండుగ మరునాడు మినప గారెలు తిని ఇంటి పట్టున ఉండిపోయే వెసులుబాటును ఆచారమే కల్పించిందన్నది గమనించదగిన విషయం. నేటి సెలవుల పట్టిక ఆ వెసులుబాటును మింగివేసింది. కనుమ సాయంత్రమే సంచులు సర్దుకొనేవారు సామెతనూ విశ్రాంతినీ ఒకేసారి దాటుతున్నారు. ముక్కనుమ ఉదయం బయలుదేరి, వెలుతురుండగా గమ్యం చేరి, మరునాటికి అదనంగా ఒక్క రోజు సెలవు మిగుల్చుకోవడం ఖరీదైన కోరికలా కనిపించినా, మొదటి వారంలో జరిగే పొరపాట్లతో పోలిస్తే అది చవకే.

మనసు సంగతి మరికొంత చిక్కైనది. నెదర్లాండ్స్‌లో జెస్సికా డి బ్లూమ్ బృందం 2009లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, సెలవు వల్ల ఆరోగ్యానికీ ఉల్లాసానికీ కలిగే మేలు స్వల్పమే గాక, పనిలో చేరిన రెండు నుంచి నాలుగు వారాలలో తరిగిపోతుంది. కాబట్టి మొదటి రోజే పేరుకుపోయిన ఉత్తరాలన్నింటికీ జవాబులు రాసి మేలును ముందుగానే ఖర్చు చేయడం తెలివైన పని అనిపించుకోదు. బయలుదేరే ముందు ఎక్కడ ఆపామో, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో ఒక కాగితం మీద రాసి బల్లపై ఉంచినవారికి ఆ ఉదయం తేలికగా గడుస్తుంది. కఠినమైన చర్చలను వారం మధ్యకు నెట్టడం కూడా ఉపకరిస్తుంది. ఇక అమ్మలు కట్టి పంపిన అరిసెలకూ సున్నుండలకూ పాదాంశిక క్రమం చక్కగా పనికివస్తుంది: వాటిని ఒక్కసారి మానవలసిన పని లేదు, రాత్రి భోజనం తరువాతి వంతును ముందు తీసివేసి, ఉదయపు ఒక్కదానిని డబ్బా ఖాళీ అయ్యేదాకా ఉంచుకోవచ్చు.