పరిసరం సిద్ధంగా ఉన్న రంగస్థలమా?

‘పాత్ర పరిస్థితుల ఫలితం’ అన్నది మన కథా విమర్శలో బాగా నలిగిన మాట. మనిషి గుణదోషాలు పుట్టుకతోనే వస్తాయని వాదించేవారికి ఇది జవాబుగా పనికివచ్చింది. కాని పుట్టుక స్థానంలో పరిస్థితులను కూర్చోబెట్టినంత మాత్రాన యాంత్రికత తొలగిపోదు. రెండు వాదాల్లోనూ మనిషి మైనపు ముద్దే.

జీవశాస్త్రంలోనూ ఈ చిక్కు ఉంది. పరిసరం ముందుగానే ఉంటుందనీ, జీవి దానికి తగినట్లు మారుతుందనీ, మారలేనిది నశిస్తుందనీ వాడుకలో ఉన్న వివరణ. రిచర్డ్ లెవిన్స్, రిచర్డ్ లెవాంటిన్ 1985లో వెలువరించిన ‘ది డయలెక్టికల్ బయాలజిస్ట్’ ఈ వివరణను ప్రశ్నించింది. ఎంగెల్స్‌కు అంకితమిచ్చిన ఈ వ్యాస సంపుటి ప్రకారం, పరిణామ క్రమంలో జీవి కర్మ మాత్రమే కాదు, కర్త కూడా.

ఇది మాటల గారడీ కాదు. డార్విన్ 1881లో వానపాములపై ఒక పుస్తకమే రాశాడు. వానపాము మట్టిని తిని, విసర్జించి, గుల్లచేసి, తాను బతికే నేలను తానే తయారుచేసుకుంటుంది. గాలిలోని ప్రాణవాయువు కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం సూక్ష్మజీవుల వల్ల అది గాలిలో చేరసాగింది. అది లేని పరిసరానికి అలవాటుపడిన జీవులకు విషమైంది. తర్వాతి జీవులకు ఊపిరి అయింది.

అయితే కర్తృత్వం అంటే ఇష్టారాజ్యం కాదు. సిద్ధాంతం ప్రకృతిని శాసించబోతే ఏమవుతుందో లైసెంకో ఉదంతం చెబుతుంది. సోవియట్ యూనియన్‌లో 1948లో జన్యుశాస్త్రాన్ని వెలివేశారు. అంతకుముందే, 1943లో, శాస్త్రవేత్త వావిలోవ్ జైలులో మరణించాడు. అభ్యుదయవాదులు ఈ చరిత్రను దాటవేయకూడదు. లెవిన్స్, లెవాంటిన్ దాటవేయలేదు. దానికి ఒక అధ్యాయమే కేటాయించారు.

ఇందులో రచయితకు పనికివచ్చేదేమిటి? కరువును ఆకాశం నుంచి ఊడిపడ్డ విధిగా చూపిస్తే, కథలో రైతు కన్నీళ్లే మిగులుతాయి. చెరువు శిఖం ఎవరు ఆక్రమించారు, బోర్ల మీద బోర్లు ఎందుకు వేయవలసి వచ్చింది, వాటికి అప్పు ఎవరిచ్చారు అని అడిగితే కరువుకు చరిత్ర ఏర్పడుతుంది. రైతు కూడా ఆ చరిత్రలో ఒక కర్తగా కనిపిస్తాడు. కాని అప్పు తెచ్చినవాడూ, ఇచ్చినవాడూ సమాన కర్తలు కారు.

‘మానవుడు ప్రకృతిని నాశనం చేస్తున్నాడు’ అని నేడు అందరూ రాస్తున్నారు. ఆ వాక్యంలో కర్త ఎవరో, ఏ వర్గానికి చెందినవాడో అడగడం విమర్శకుని పని.