ఏడు రోజులు, ఒక్క జిల్లా

ఆషాఢ మాసం మొదటి మంగళవారం హైదరాబాద్ బల్కంపేటలో కారు బయటికి తీయాలని ఎవరూ అనుకోరు. ఆ రోజు ఎల్లమ్మ కల్యాణం. భూమట్టానికి దిగువన కొలువున్న అమ్మను చూడటానికి తెల్లవారకముందే జనం బారులు తీరతారు, దారులన్నీ మళ్లిస్తారు. ఇక్కడ కాపురముండేవాళ్లకు ఈ సంగతి ఫోన్‌లో మ్యాపు చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. ఏ రోజు ఈ వీధి ఎవరిదో వాళ్లకు ముందే తెలుసు. వారం రోజుల కారు ప్రయాణానికి ప్లాన్ వేసేటప్పుడు నేను ముందుగా వెతికేది ఇలాంటి ఎరుకనే. మనం వెళ్లే వారం అక్కడి వాళ్లకు ఏ వారం?

ఈసారి ఉమ్మడి ఆదిలాబాద్ అనుకున్నాం. ఏడు రోజులుంటే అరకు దాకా వెళ్లి రావచ్చు కదా అన్నారు ఇంట్లో. వెళ్లి రావచ్చు, కానీ రోజులో ఎక్కువ భాగం కారులోనే గడిచిపోతుంది. ఫతేనగర్ వంతెన దాటి, బాలానగర్, బోయినపల్లి మీదుగా మేడ్చల్ దారిలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నిర్మల్ 200 కిలోమీటర్లకు కాస్త పైన. 2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయిన ఆ నేల మీద తెలుగు, గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ ఒక్క రోజు ప్రయాణంలోనే చెవిన పడతాయి. నిజానికి ఏడు రోజులు దానికే చాలవు.

ప్రయాణాన్ని దూరంతో కాక మజిలీలతో లెక్కపెట్టడం మనవాళ్లకు కొత్త కాదు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా, నాగపూరు దారిన కాశీకి వెళ్లి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చారు. మజిలీ మజిలీకీ నీళ్లెలా ఉన్నాయో, సరుకులు దొరుకుతాయో లేదో, దిగడానికి వసతి ఉందో లేదో రాసుకుంటూ పోయారు. చూసిన వింతల కంటే ఆ వివరాల కోసమే ఆ పుస్తకం నాకిష్టం.

అంతకంటే శ్రద్ధగా దారి నిర్ణయించుకునేవాళ్లు ఇప్పటికీ ఆదిలాబాద్‌లోనే ఉన్నారు. కేస్లాపూర్ నాగోబాను కొలిచే గోండుల మెస్రం వంశీయులు పుష్య మాసంలో నెలవంక కనిపించాక కదులుతారు. ముందు ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి జాతర కబురు చెప్తారు. ఆ తర్వాత పవిత్రమైన ఝరి పాత్ర పట్టుకుని, చెప్పుల్లేకుండా, జన్నారం దగ్గర గోదావరి హస్తినమడుగుకు నడిచి వెళ్లి నీళ్లు తెస్తారు. ఏ దారిన పోవాలో, ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగాలో పెద్దలంతా కూర్చుని ముందే అనుకుంటారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. అప్పుడే కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. పూజకు కావలసిన మట్టి కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర నుంచి వస్తాయి. ఈ ఏర్పాటులో నన్ను కదిలించేది ఒక్కటే: వాళ్లు ఆగే ప్రతి ఊరికీ వాళ్లు వస్తున్నట్టు ముందే తెలుసు. కారులో తిరిగే మనం ఎవరికీ చెప్పకుండా దిగి, ఎవరినీ అడగకుండా ఫోటో తీసుకుని వెళ్లిపోతాం. నా ప్లాన్‌లో మొదట మారవలసింది ఇదే అనిపించింది.

జాతర వారం వద్దనుకున్నాను. లక్షల జనంలో మనం అదనపు బరువు. దీపావళికి ముందు వారం ఎంచుకున్నాను. అప్పటికి వానలు తగ్గుతాయి, జలపాతాల్లో నీళ్లింకా ఉంటాయి, పైగా అది గోండుల దండారి ఆటల కాలం. నెమలి పింఛాల కిరీటాలతో గుస్సాడీలు ఆడతారు. ఒక ఊరి దండారి మరో ఊరికి అతిథిగా వెళ్తుంది, అక్కడ విడిది, భోజనం, ఆట. ఆ నృత్యాన్ని దేశానికి చూపించి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది మార్లవాయి.

బయల్దేరేది శుక్రవారం. ఆ సాయంత్రం నిర్మల్‌లో, బొమ్మలు చేసే నకాషీల దగ్గర. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల లప్పంతో అతుకులు కప్పే పని కూర్చుని చూడాలి. దుకాణంలో బొమ్మ కొని వచ్చేస్తే సగమే చూసినట్టు. శనివారం పొద్దున్నే మహబూబ్ ఘాట్ ఎక్కి కుంటాల జలపాతానికి. మెట్లు దిగాలి, గుండంలో మాత్రం దిగకూడదు, అక్కడ ప్రాణాలు పోయాయి. రాత్రికి ఉట్నూరు. ఆదివారం కేస్లాపూర్.

సోమవారం ఇంద్రవెల్లి. ఆ ఒక్క రోజు కోసమే మిగతావన్నీ ముందుకూ వెనక్కూ జరిపాను. సోమవారం అక్కడ అంగడి. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. అంగడికని, సభకని చుట్టుపక్కల గూడేల నుంచి నడిచొచ్చిన ఆదివాసుల మీద ఆ రోజు పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిచిన స్తూపాన్ని ఏ రోజైనా చూడొచ్చు. కానీ ఉప్పు, జొన్నలు, మిరపకాయల బేరాల మధ్య కాసేపు తిరిగి స్తూపం దగ్గరకు వెళ్తేనే, ఎలాంటి రోజున అది జరిగిందో పిల్లలకు చెప్పగలం.

మంగళవారం గడి ఖాళీగా వదిలాను. మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య నివసించిన చోటు ఉంది. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి కూడా అక్కడే. ఆ రోజు దండారి ఏ ఊరికి వెళ్తోందో ఉదయం కనుక్కుని, పెద్దలు రమ్మంటేనే వెళ్తాం. వద్దంటే మార్లవాయిలోనే ఉంటాం. బుధవారం జోడేఘాట్, 1940లో కుమురం భీం నేలకొరిగిన కొండలు, అక్కడి నుంచి ఆసిఫాబాద్. గురువారం జన్నారం, లక్సెట్టిపేట, కరీంనగర్ మీదుగా ఇల్లు. కవ్వాల్ అడవిలో రాత్రి రాకపోకలపై ఆంక్షలుంటాయి కాబట్టి ఏ రోజూ చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోలేదు.

బాసర, కాళేశ్వరం ఈసారికి వదిలేశాను. అమ్మకు బాసర తీసేయడం కష్టంగానే ఉంది. పిల్లల అక్షరాభ్యాసాలప్పుడు ఎటూ వెళ్తామని నచ్చజెప్పాను. సామాను జాబితా కంటే ముందు ఇంట్లో అందరికీ చెప్పింది ఇది: గుస్సాడీలు దీక్షలో ఉంటారు, స్నానం కూడా చేయరు, వాళ్ల మీదికి దేవుడు వస్తాడని ఊరి నమ్మకం. పక్కన నిలబడి సెల్ఫీ అడగొద్దు. ఊరివాళ్లు ఎక్కడ కూర్చోమంటే అక్కడ, చెప్పులు విడిచి కూర్చుందాం.