పదేళ్ల గ్యారంటీ దేనికి?

2020 అక్టోబర్ 13న మొదలైన వాన హైదరాబాద్ బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు దాటింది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అంత వాన పడితే 17,500 లీటర్ల పైమాటే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడున్నర తెచ్చి ఇంటి నెత్తిన కుమ్మరించినట్టు. అందులో ఏ బకెట్టెడో స్లాబులోకి దిగినా చాలు, పడకగది పైకప్పు చెమ్మెక్కడానికి.

అలాంటి వాన వెలిసిన మర్నాటి నుంచి వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లకు ఊపిరాడదు. వచ్చినాయన డాబా అంతా ఓసారి తిరిగి, పిట్టగోడ మూల గోకి చూసి, “ఏం ఫికర్ లేదు సార్, పదేళ్లు గ్యారంటీ” అంటాడు. ఆ మాటకే ఇంటాయన సగం నెమ్మదిస్తాడు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అక్కడే మొదలవుతుంది. ఆ పదేళ్లూ దేనికి? డబ్బాలోని రంగుకా, దాన్ని పూసిన పనికా?

రెండూ వేరు. కంపెనీ ఇచ్చే వారంటీ చాలామటుకు సరుకుకే. అదీ స్లాబు పైభాగం శుభ్రం చేసి, ఆరబెట్టి, చెప్పినన్ని పూతలు చెప్పినంత మందాన వేస్తేనే. పనికి పూచీ పడాల్సింది కాంట్రాక్టరు. మూడో వానాకాలానికి మళ్లీ చెమ్మ తేలితే, “పూత పల్చగా పడింది, మా సరుకు తప్పు లేదు” అంటాడు కంపెనీ మనిషి. “ఆ డబ్బాల్లోనే సత్తా లేదు” అంటాడు కాంట్రాక్టరు. చేతిలో రెండు కాగితాలుండీ ఇంటివాళ్లు మళ్లీ డబ్బు పెట్టుకుంటారు. ఇది అన్యాయం. పని మొదలయ్యేలోపు ఒక్క పేజీ ఒప్పందం రాసుకుంటే చాలావరకు తప్పే అన్యాయం కూడా.

ఆ పేజీలో ఏం రాయాలో తెలియాలంటే స్లాబు సంగతి కాస్త తెలియాలి. మే ఎండకు కాంక్రీటు సాగుతుంది, తొలకరి జల్లుకు ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఏటా ఇదే జరిగి వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. వాటిలోంచి నీరు లోపలి చువ్వను చేరితే చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బే కాంక్రీటును తోసి పెచ్చులూడదీస్తుంది. పైగా ఇంట్లో చెమ్మ కనిపించే చోటూ, పైన నీరు దిగే చోటూ ఒకటే కానక్కరలేదు. పిట్టగోడ స్లాబుతో కలిసే మూల, వాననీటి గొట్టం స్లాబును దాటే చోటు, ట్యాంకు దిమ్మెల అడుగు: ముందు వెతకాల్సింది అక్కడే. ఇక వాటం. పది అడుగులకు అంగుళమైనా వాలు లేని డాబా మీద ఎంత ఖరీదైన పూత వేసినా నీరు నిలుస్తుంది. నీరు నిలిచే చోట వర్తించదని చాలా వారంటీల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అంటే వాటం సరిచేయకుండా పూత అమ్మినవాడు, గ్యారంటీ చెల్లని డాబాకే గ్యారంటీ ఇచ్చాడన్నమాట!

స్లాబుకు తర్వాత వేసే రంధ్రాలదీ అదే కథ. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక సోలార్ పలకలు పెట్టించుకునే ఇళ్లు పెరిగాయి. పలకల ఫ్రేమును స్లాబుకు బోల్టులతో బిగిస్తే, అంతకుముందు వేసిన పూత వారంటీ సాధారణంగా అక్కడితో సరి. సోలార్ పెట్టించే ఆలోచన ఉన్నవాళ్లు ముందు పలకల ఫ్రేము నిలిచే దిమ్మెలు కట్టించి, తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ చేయించడం మేలు.

పని ముగిశాక గొట్టాలు మూసి, డాబా మీద రెండంగుళాల నీరు కట్టి 48 గంటలు చూడాలి. స్లాబు పాతబడి చువ్వలు బయటపడి ఉంటే ఇంజినీరును అడక్కుండా ఈ పరీక్ష వద్దు. చివరి పదిశాతం డబ్బు ఒక గట్టి వాన చూశాకే ఇస్తామని ముందే రాసుకోవడం కాంట్రాక్టరును అనుమానించడం కాదు. పనిమీద నమ్మకమున్న మేస్త్రీ దానికి ఒప్పుకుంటాడు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉంటున్న తెలుగువాళ్లకూ ఈ బాధ వేరే రూపంలో ఉంది. టెక్సస్‌లో రూఫింగ్ పనికి రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. వడగళ్లు పడగానే ఎక్కడెక్కడి కాంట్రాక్టర్లో తలుపు తడతారు. షింగిల్స్ చేసిన కంపెనీది ఒక వారంటీ, వాటిని వేసినవాడిది ఇంకొకటి. వేసినవాడు మరుసటి ఏడాది ఊళ్లోనే ఉండకపోతే ఆ రెండోదానికి దిక్కెవరు?

ఇక్కడ మన దేశంలో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లకు చట్టం అండగా ఉంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి, ఆ సంగతి తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. పై అంతస్తువాళ్లు, అసోసియేషన్ వాళ్లు ఎవరు ఖర్చు పెట్టుకోవాలో తేల్చుకునేసరికి ఆ ఐదేళ్లూ దాటిపోతాయి. అదే బాధ.

సొంత ఇంటికి చేయించుకున్న పనికైతే వినియోగదారుల చట్టం ఉంది. ఇళ్ల నిర్మాణం కూడా సేవ కిందికే వస్తుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదీ తాను ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వెళ్లాలంటే కాగితం కావాలి. “బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది సార్” అన్న మాటకు తలూపినవాళ్ల దగ్గర అదే ఉండదు. అలాంటివాళ్లు కనీసం కారిన రోజు తీసిన ఫోటోలు, కాంట్రాక్టరుకు పంపిన వాట్సాప్ సందేశాలు, బ్యాంకు ద్వారా చెల్లించిన వివరాలు చెరిపేయకుండా దాచుకుని, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి.