అమ్మది సుశీల పార్టీ, పిన్నిది జానకి పార్టీ

మా అమ్మకు సుశీల ప్రాణం. పిన్నికి జానకి. వాళ్ళ పుట్టిల్లు రేపల్లె దగ్గర, జానకిగారు పుట్టిన పల్లపట్ల ఆ తాలూకాలోదే. అందుకని పిన్ని వాదనకు ఊరిబలం కూడా తోడయ్యేది. "ఊరి పిల్లను కాదని విజయనగరం పిల్లను నెత్తిన పెట్టుకున్నావేంటక్కా" అని దెప్పేది. "గొంతుకి ఊరేంటే" అనేది అమ్మ. వివిధభారతిలో పాట రాగానే ఇద్దరి చేతులూ ఆగిపోయేవి. సగం తుంచిన చిక్కుడుకాయ అమ్మ వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయేది.

పాట అయ్యాక అసలు కథ మొదలయ్యేది. సుశీలకీ జానకికీ పడదట. ఎదురుపడినా మాట్లాడుకోరట. మద్రాసు ముఖమే చూడని అక్కచెల్లెళ్ళకు ఇవన్నీ ఎవరు చేరవేశారో నేనెప్పుడూ అడగలేదు. చివర ఆ 'ట' ఒక్కటి తగిలిస్తే చాలు, సాక్ష్యం అక్కర్లేదు.

పాటల మీద రాయడం మొదలుపెట్టాక ఆ 'ట'ల వెనక ఏముందో చూడటం నాకు అలవాటైంది. ఏ పాట ఎవరు పాడాలన్నది గాయని చేతిలో ఉండేది కాదు. సంగీత దర్శకుడి మనసులో ఒక గొంతు మెదులుతుంది, దర్శకుడికి నాయిక ముఖం గుర్తొస్తుంది, నిర్మాతకు తేదీలు కుదరాలి. ట్రాకులు విడివిడిగా తీసుకునే వీలు లేని రోజుల్లో వాద్యబృందమంతా వాయిస్తుండగానే పాడాలి. ఒక్క అక్షరం జారితే అందరూ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. అలా మైకు ముందు నిలబడ్డ మనిషికి పక్క గాయని గుర్తుకొస్తుందా? చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నదే దిగులై ఉంటుందని నా నమ్మకం.

ఇక ఇద్దరు కలిసి పాడితే ఎలా ఉంటుందో 1963 'లవకుశ'లో వినండి. కవలలకు గొంతులిచ్చినవారు లీలగారు, సుశీలగారు. స్వరాలు ఘంటసాలవి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పదం ఎత్తుకోవడం, విడిచిపెట్టడం ఇద్దరిదీ ఒకే క్షణంలో జరుగుతుంది. ఒకరి గొంతు మీద ఒకరు చెవి వేసి ఉంచితే తప్ప అలా పాడటం కుదరదు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. 1974లో ఘంటసాల పోయాక బాలుగారు ముందువరుసలోకి వచ్చారు. దాన్ని వారసత్వం అన్నాం. తర్వాత జానకిగారి పాటలు పెరిగితే మాత్రం సుశీలను పక్కకు నెట్టేసింది అన్నాం. మగవాళ్ళయితే తరం మారినట్టు, ఆడవాళ్ళయితే ఇంట్లోకి సవతి వచ్చినట్టు! పాట ఎవరికివ్వాలో తేల్చినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఆ తగాదాలో వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా వినపడవు.

సుశీలగారికి జాతీయ పురస్కారం తెచ్చిన 'మేఘసందేశం' 1982లో వచ్చింది. జానకిగారికి తెచ్చిన 'సితార' 1984లో. ఒకరి కాలం ముగిశాకే మరొకరి కాలం మొదలైతే ఈ రెండూ ఇంత దగ్గరగా ఎలా వస్తాయి? వినేటప్పుడు నాకు ఆ లెక్కలు గుర్తుకురావు. సుశీలగారు ఒత్తక్షరం పలికితే ఎక్కడా గట్టిదనం తగలదు, తడిబట్టతో అద్దినట్టుంటుంది. జానకిగారు గొంతులోనే మనిషి వయసు మార్చేస్తారు, పసిపాపకు పాడితే పసిపాపే.

ఈ తేడాలు పట్టుకోవడం నాకు నేర్పింది ఆ వంటింటి తగాదాలే. పార్టీలు కట్టకపోతే అమ్మా పిన్నీ అంత చెవి పెట్టి వినేవాళ్ళు కాదు. వాళ్ళ పోట్లాటను తీసిపారేయడానికి నాకు మనసు రాదు. ఆ 'ట'లతోనే నా పేచీ.

మొన్న సంక్రాంతికి అమ్మ మళ్ళీ పాత ఫిర్యాదు ఎత్తింది, ఇళయరాజా సుశీలను దూరం పెట్టాడని. ఆయన మొదటి సినిమా, 1976 నాటి 'అన్నక్కిళి'లోనే జానకిగారి పాటలతోపాటు సుశీలగారి పాట కూడా ఉందని చెప్పాను. నమ్మలేదు. ఫోన్లో పెట్టి చేతికిచ్చాను. అమ్మకు తమిళం ముక్క రాదు. కళ్ళు మూసుకుని చివరిదాకా విని, మళ్ళీ పెట్టమంది. రెండోసారి అయ్యాక కళ్ళజోడు సర్దుకుంటూ అంది:

"పిన్నికి ఫోన్ కలుపు. దానికీ వినిపించాలి."