ఆటిజము తీవ్రతను కొలుచుట : కాలాంతరమున దాని విశ్వసనీయత

ఒక బిడ్డయందలి ఆటిజము తీవ్రతను నేడు కొలిచి, రెండేండ్ల పిమ్మట మరల కొలిచినచో కనబడు భేదము బిడ్డలోని మార్పా, కొలతలోని మార్పా అనునది ఈ వ్యాసమునందు విచారింపబడుచున్నది. మత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఇది కేవల శాస్త్రచర్చ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున ఆటిజమునకు చోటు కలిగినది. అందలి ప్రత్యేక సౌకర్యములు పెక్కు 40 శాతమునకు తగ్గని వైకల్యము ధ్రువపడినవారికే లభించును. కావున అంకెతోడనే బిడ్డ బ్రతుకుదారియు మారవచ్చును.

సికింద్రాబాదులోని జాతీయ సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజము మాపనిని ధ్రువపత్రముల నిమిత్తమై కేంద్రప్రభుత్వము 2016 ఏప్రిల్‌లో ప్రకటించినది. అందు 40 అంశములు కలవు. ఒక్కొక్క లక్షణము ఎంత తరచుగా కనబడునో చూచి 1 మొదలు 5 వరకు అంకె వేయుదురు. మొత్తము 70కి లోబడిన ఆటిజము లేదనియు, 70–106 స్వల్పమనియు, 107–153 మధ్యమమనియు, ఆపైన తీవ్రమనియు నిర్ణయము. 108 వచ్చిన బిడ్డకు మరుసారి రెండంశములలో ఒక్కొక్క అంకె తగ్గినచో 106 అగును, మధ్యమము స్వల్పమగును. ఇంతపాటి భేదము పరీక్షకుడు మారుటవలనను, నాటి రాత్రి బిడ్డకు నిద్ర చాలకపోవుటవలనను రావచ్చును గదా!

రెండవ చిక్కు వయస్సు. ఆటపాటలతో, సంభాషణతో బిడ్డను గమనించు ‘ఏడాస్’ పరీక్షలో మొత్తపు అంకెపై వయస్సు, భాషాశక్తి ప్రభావము చూపుచున్నవని గుర్తించి, 2009లో గోథమ్, పికిల్స్, లార్డ్ అను పరిశోధకులు 1 నుండి 10 వరకు గల తీవ్రతాంకమును ఏర్పరచిరి. ఇది బిడ్డను సమవయస్కులతో, సమాన భాషాశక్తి గలవారితో పోల్చును. పద్ధతి మంచిదే. కాని మూడవ తరగతిలో 60 మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి అయిదవ తరగతిలోను 60 తెచ్చుకొన్నచో, వాడు రెండేండ్లు ఏమియు నేర్వలేదనుట తగునా? అంకె కదలకున్నను బిడ్డ ముందునకు సాగియుండవచ్చును.

ఈ తీవ్రతాంకముతోడనే ఆ మువ్వురు 2012లో 2 నుండి 15 ఏండ్ల వయస్సుగల 345 మందిని పరిశీలించిరి. 84 శాతము మందిలో తీవ్రత నిలకడగా నున్నదనియు, 7 శాతము మందిలో తగ్గినదనియు, 9 శాతము మందిలో పెరిగినదనియు తేల్చిరి. 2021లో కాలిఫోర్నియాయందు వైజ్‌బార్డ్-బార్టోవ్ బృందము 125 మంది చిన్నబిడ్డలను చూచి, సుమారు 29 శాతము మందిలో తగ్గినదనియు, 17 శాతము మందిలో పెరిగినదనియు ప్రకటించినది. మాపని ఒకటే, ఫలితములు వేరు! మొదటివారు ఒకే దారిని నడచినవారిని గుంపులుగా కూర్చిరి. రెండవవారు ఒక్కొక్క బిడ్డలో రెండంకెల భేదమును మార్పుగా నెంచిరి. వయస్సులును వేరే. గుంపులో వ్యక్తి మరుగుపడును. రెండు కొలతల భేదములో కొలతదోషము కలిసిపోవును. కావున ‘మారదు’ అను మాటగాని, ‘మారును’ అను మాటగాని నిశ్చయముగా గ్రహింపరాదు.

మూడవది మన సరిహద్దు సీమకు చెందినది: భాష. తల్లి “మావాడు పలుకడు” అనును. పిలిచిన పలుకడా, మాటయే పలుకడా? మొదటిది తోడివారితో సంబంధమునకు, రెండవది వాక్కునకు చెందినది. ఈ మాట తమిళములోనికి మారి పరీక్షకుని చెవి చేరునప్పటికి ఏ అంశమున చేరునో! మొదటి పరీక్ష తెలుగున, రెండవది తమిళమున జరిగినచో ఆ రెంటి భేదమును బిడ్డకు అంటగట్టుట న్యాయము కాదు.

కొలత వ్యర్థమని నా వాదము కాదు. కొలత లేనిదే సాయమును లేదు. రెండు కొలతలను పోల్చునప్పుడు భాష, సమాచారమిచ్చువారు, మాపని ఒక్కటిగా నుండవలెను. స్వల్పభేదమును మార్పుగా నెంచరాదు. అంకె ప్రక్కనే బిడ్డ నేర్చిన పనులను, మాటలను వ్రాసియుంచవలెను. నిత్యము బిడ్డను చూచు తల్లియు, తెలుగు బడిలోని ఉపాధ్యాయుడును ఈ వ్రాత పని చేయగలరు. అంకె చెప్పలేని దానిని ఆ వ్రాత చెప్పును.